‘ఇఫ్’ అంటే ‘తే’ అని మేమెవరమూ చెప్పలేదు

సాలూరు పేరు చెప్పగానే సంగీతం తెలిసినవారికి సాలూరి రాజేశ్వరరావు గారు గుర్తుకు వస్తారు. ఊళ్ళో ఉన్నవారికి మాత్రం లారీలే గుర్తుకు వస్తాయి. నాకు ఈ మధ్య ఈ రెండూ కాక ఒక ఇంగ్లిష్ వాక్యం గుర్తుకు వస్తోంది. ఆ వాక్యం గురించే ఈ టపా. వ్యాకరణం అనగానే పేజీ తిప్పేసే మిత్రులు కొంచెం ఓపిక పట్టాలని మనవి. ఇందులో వ్యాకరణం కన్నా నా తప్పు ఎక్కువ ఉంది.

నేను తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పోయిన వేసవిలో ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పాచిపెంట దాటి ఒడిశా వైపు వెళ్ళే ఘాట్ రోడ్డుకు పైన, కొండమీది పల్లె అతనిది. ఇంట్లో కువి మాట్లాడతారు. తెలుగు బడికి వచ్చాకే నేర్చుకున్నాడు. ఆ తరువాత ఇంగ్లిష్ నేర్చుకున్నాడు, డిగ్రీ పూర్తి చేశాడు. విశాఖపట్నంలో ఒక సంస్థవారు ఇంటర్వ్యూకు పిలిస్తే వెళ్ళి వచ్చాడు.

"ఏమయింది నాయనా?" అని అడిగాను.

"రాలేదు మాస్టారూ. మొహం మీదే చెప్పేశారు."

"ఏమని చెప్పారు?"

అతను ఆ ఇంగ్లిష్ వాక్యాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పాడు. "ఇఫ్ యూ వర్ నాట్ సెలెక్టెడ్, వాట్ వుడ్ యూ డూ?"

అప్పటివరకూ అడిగినవాటికన్నిటికీ బాగానే జవాబులు చెప్పాడట. ఈ ప్రశ్న వినగానే "థాంక్యూ సర్" అని సర్టిఫికెట్లు సర్దుకుని లేచాడు. లోపలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ వెనక్కి పిలవలేదు. ఇతను స్టేషనుకు వచ్చి బొబ్బిలికి రైలెక్కి, అక్కడినుంచి బస్సులో ఊరు చేరాడు.

"మరి ఎందుకు లేచావు? వాళ్ళు ప్రశ్నే కదా అడిగింది?"

"వర్ నాట్ సెలెక్టెడ్ అన్నారు కదా మాస్టారూ. వర్ అంటే అయిపోయినట్టే కదా. ఇంకా కూర్చుంటే బాగుండదని లేచాను."

నాకు చాలాసేపు మాట రాలేదు. అతను పిరికివాడు కాదు, తెలివితక్కువవాడు అంతకన్నా కాదు. ‘వర్’ భూతకాలమని మేము నేర్పాం. అతను దాన్ని భూతకాలంగానే విన్నాడు. ఆ ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పి ఉంటే ఉద్యోగం వచ్చి ఉండేదా అంటే, అది నేను చెప్పలేను. కానీ అతను లేచి వచ్చినది తన అర్హత చాలక కాదు, ఒక క్రియాపదం వల్ల.

ఇందులో గమనించవలసినది మరొకటి ఉంది. "ఇంకా కూర్చుంటే బాగుండదని లేచాను" అన్నాడు. కూర్చుంటే బాగుండదు! అంత చక్కని షరతు వాక్యాన్ని తనకు పుట్టుకతో రాని తెలుగులో అలవోకగా అన్నాడు. షరతు అంటే ఏమిటో అతనికి తెలియక కాదు. ఇంగ్లిష్‌లో దాని వేషం ఎలా ఉంటుందో అతనికి ఎవరూ చూపించలేదు, అంతే.

ఇక నా తప్పు. హైస్కూల్లో తెలుగు వ్యాకరణం చెప్పేటప్పుడు క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని వరుసగా చెబుతాం. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని అర్థం. ఆ అర్థాన్ని ఇచ్చేది చేదర్థకం. "వానలు కురిస్తే పంటలు పండుతాయి" అని బల్ల మీద వ్రాసి ‘కురిస్తే’ కింద గీత గీసేవాణ్ణి. గంట కొట్టేది. నేను బయటికి వెళ్ళేవాణ్ణి, ఇంగ్లిష్ మాస్టారు లోపలికి వచ్చేవారు. ఆయన నా గీతను తుడిచేసి "ఇఫ్ ఇట్ రెయిన్స్, ద క్రాప్స్ విల్ గ్రో" అని వ్రాసేవారు. అదే వాన, అదే పంట, అదే పిల్లలు. ఆ రెండు వాక్యాలూ ఒకటేనని ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గుమ్మం దగ్గర ఎదురుపడినప్పుడు నమస్కారాలు మాత్రం పెట్టుకునేవాళ్ళం.

పిల్లలకు దక్కినవి సూత్రాలు. మొదటి రకం: ఇఫ్ తరువాత వర్తమానం, ఆపై విల్. రెండవ రకం: ఇఫ్ తరువాత భూతకాలం, ఆపై వుడ్. మూడవ రకం: ఇఫ్ తరువాత హ్యాడ్, ఆపై వుడ్ హ్యావ్. కొందరు సున్నా రకం కూడా కలుపుతారు. ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబితే పరీక్షలో ఖాళీలు నిండేవి, మార్కులు వచ్చేవి. సూత్రాల వల్ల ప్రయోజనం లేదని నేను అనను. నేను డిగ్రీలో ఇంగ్లిష్ గట్టెక్కినది వాటితోనే. కానీ ఎక్కం వచ్చినవాడికి బేరం వచ్చినట్టు కాదు. ఇంటర్వ్యూ గదిలో ఎవరూ ఖాళీలు ఇచ్చి పూరించమనరు.

నా అభిప్రాయం ఇది. ఇంగ్లిష్ షరతు వాక్యాలకు కావలసిన సామగ్రి దాదాపు అంతా తెలుగులో ఉంది. దాన్ని పిల్లలకు చూపించి, తెలుగులో లేని ఒక్క ముక్కను మాత్రం ప్రత్యేకంగా నేర్పాలి. మనం చేస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు. ఉన్నదాన్ని దాచిపెట్టి అంతా కొత్తదే అన్నట్టు బోధిస్తున్నాం. అసలు కొత్తదైన ఆ ఒక్క ముక్క ఆ రద్దీలో కనిపించకుండా పోతోంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ‘ఇఫ్ హీ విల్ కమ్’ అనే తప్పు. ఈ తప్పు చేయని తెలుగువాడు అరుదు. రేపటి మాట కనుక ‘విల్’ పెట్టాలనుకోవడం న్యాయంగానే తోస్తుంది. ‘ఇఫ్ పక్కన విల్ వ్రాయకూడదు’ అని కొట్టి చెబుతారు కానీ ఎందుకో చెప్పరు. మన ‘వస్తే’ను చూడండి. అందులో కాలం ఎక్కడుంది? "అతను వస్తే చెబుతాను", "నేను వస్తే చెబుతాను", "వాళ్ళు వస్తే చెబుతాను", అన్నిటికీ ఒకే ‘వస్తే’. కాలమూ లేదు, పురుషా లేదు, వచనమూ లేదు. వాక్యం చివరనున్న ‘చెబుతాను’ ఆ బరువంతా మోస్తుంది. ఇంగ్లిష్ క్రియకు కాలం లేకుండా నిలబడే వీలు లేదు కనుక అది తన దగ్గరున్న అతి సాదా రూపాన్ని, వర్తమానాన్ని, తెచ్చి పెట్టుకుంటుంది. భవిష్యత్తు భారం అక్కడ కూడా రెండవ సగానిదే. అంటే ‘ఇఫ్ హీ విల్ కమ్’ అని వ్రాసే పిల్లవాడు తెలుగులో ఆలోచించి తప్పు చేయడం లేదు. తెలుగులో ఆలోచించడం మానుకుని తప్పు చేస్తున్నాడు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయాలి. మన ‘తే’ ఇంగ్లిష్ ‘ఇఫ్’ పనీ చేస్తుంది, ‘వెన్’ పనీ చేస్తుంది. "తెల్లారితే పెళ్ళి" అంటాం. తెల్లవారుతుందో లేదో అన్న సందేహంతో అనే మాట కాదది. "సంక్రాంతి వస్తే ఊరికి వెళ్తాను" అన్నదీ అంతే. వీటిని ‘ఇఫ్’తో ఇంగ్లిష్‌లోకి తెస్తే సంక్రాంతి రాకపోవచ్చన్న అనుమానం వినేవాడికి కలుగుతుంది. రావడం ఖాయమైతే ‘వెన్’, కాకపోవచ్చు అనుకుంటే ‘ఇఫ్’. ఈ ఒక్క తేడా నేర్పడానికి ఒక పీరియడు చాలు.

రెండవది, భూతకాలపు వేషం. జరగని దానికీ, ఇంకా జరగవలసిన దానికీ ఇంగ్లిష్‌వాడు భూతకాలం ఎందుకు వాడతాడు? ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ’ అన్నప్పుడు ‘హ్యాడ్’ నిన్నటిది కాదు, ఇప్పటిదే. ఇది మన పిల్లలకు మహా వింతగా తోస్తుంది. కానీ వాళ్ళ ఇంట్లో అమ్మ రోజూ ఆ పనే చేస్తోంది. "ఇంకోసారి ఏటి దగ్గర కనిపించావంటే చూడు!" ఆ ‘కనిపించావు’ ఏ కాలం? రూపం భూతకాలం, అర్థం మాత్రం రేపటిది. మా ఊరి లారీ షెడ్ల దగ్గర నిలబడితే ఇలాంటివి గంటకు పది వినవచ్చు. "తాళ్ళు బిగించకుండా బండి కదిపావో, లోడు రోడ్డు మీద ఉంటుంది" అని డ్రైవరు క్లీనరును కేకలేస్తాడు. బండి ఇంకా కదలలేదు, లోడు ఇంకా పడలేదు. అయినా ‘కదిపావు’. తెలుగు క్రియ కూడా అవసరమైతే భూతకాలపు చొక్కా తొడుక్కుని భవిష్యత్తులోకి వెళుతుందన్నమాట.

మర్యాదకు కూడా మనం ఇదే పని చేస్తాం. ఎదురుగా నిలబడి, అడగాలన్న కోరిక ఇంకా మనసులో ఉండగానే "ఒక మాట అడుగుదామనుకున్నానండీ" అంటాం. ఇంగ్లిష్‌వాడు ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’ అంటాడు. కాలంలో వెనక్కి జరగడం ఇక్కడ మర్యాద కోసం ఒక అడుగు దూరం జరగడమే. ‘ఇఫ్ ఐ హ్యాడ్’లో జరిగినది కూడా అలాంటి దూరమే. అది నిన్నటికి దూరం కాదు, నిజానికి దూరం. భూతకాలం ఇక్కడ గడియారాన్ని చూపించడం లేదు, వాస్తవానికీ ఊహకూ మధ్య ఉన్న ఎడాన్ని చూపిస్తోంది. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఆ కుర్రవాడు కుర్చీలోంచి లేచి ఉండేవాడు కాదు.

మూడవది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ‘వుడ్’ అనే మాటకు ఇంగ్లిష్‌లో రెండు పనులున్నాయి. పాత అలవాటు చెప్పడానికి దాన్ని వాడతారు, ఊహ చెప్పడానికీ వాడతారు. ఈ రెండింటికీ పొంతన ఏమిటని పిల్లలు తికమకపడతారు. మరి మన ‘వెళ్ళేవాణ్ణి’ సంగతేమిటి? "చిన్నప్పుడు రోజూ వేగావతిలో ఈతకు వెళ్ళేవాణ్ణి", ఇది అలవాటు. "నిన్న జ్వరం లేకపోతే నేనూ వెళ్ళేవాణ్ణి", ఇది జరగనిది. రూపం ఒకటే, పనులు రెండు, సరిగ్గా ‘వుడ్’ చేసేవే ఆ రెండు పనులూ. ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఇలా ఒకే మలుపు తిరగడం చూసి నేను ఆశ్చర్యపోయాను. ఈ సంగతి ఒక్కటి చెప్పగానే పిల్లల మొహాలు విప్పారడం కూడా చూశాను.

సంస్కృతం చదివిన మిత్రులకు ఇక్కడ పాణిని లృఙ్ లకారం గుర్తుకు వచ్చి ఉంటుంది. జరగవలసిన పని జరగకుండా పోవడాన్ని క్రియాతిపత్తి అన్నారు. మంచి వానలు కురిసి ఉంటే సుభిక్షంగా ఉండేది అనే ఉదాహరణ సంస్కృత విద్యార్థులందరూ చదివేదే. ఆ ‘అభవిష్యత్’ రూపాన్ని విప్పి చూస్తే ముందున్న ‘అ’ భూతకాలానిది, మధ్యనున్న ‘ష్య’ భవిష్యత్తుది. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా పుట్టుకతో ‘విల్’కు భూతరూపమే. జరగబోయి ఆగిపోయిన పనిని చెప్పాలంటే భవిష్యత్తును పట్టుకుని ఒకసారి వెనక్కి లాగాలన్న ఆలోచన ఇద్దరికీ తట్టింది.

నాలుగవది అన్నిటికన్నా కష్టమని పేరుపడిన మూడవ రకం. ‘ఇఫ్ హీ హ్యాడ్ కమ్, ఐ వుడ్ హ్యావ్ గివెన్’. దీన్ని చూసి భయపడని విద్యార్థి లేడు. నిజానికి తెలుగువాడికి ఇదే అన్నిటికన్నా సులువు. "అతను వచ్చి ఉంటే నేను ఇచ్చి ఉండేవాణ్ణి." ముక్కకు ముక్క పక్కన పెట్టి చూడండి. ‘వచ్చి ఉంటే’లోని ‘ఉండు’ అక్కడి ‘హ్యాడ్’ చేసే పని చేస్తోంది. ‘ఇచ్చి ఉండేవాణ్ణి’లో ‘ఉండు’ అక్కడి ‘హ్యావ్’, ‘ఏవాణ్ణి’ అక్కడి ‘వుడ్’. మిగలడానికి ఏమీ లేదు. మా ఊరి డ్రైవర్లు సుంకి ఘాటీ కథలు చెప్పేటప్పుడు "ఆ మలుపులో బ్రేకు పడకపోయుంటే అందరం లోయలో ఉండేవాళ్ళం" అంటారు. "బ్రేకు పడకపోతే లోయలో ఉంటాం" అన్నదానికీ దీనికీ తేడా బడి గడప తొక్కని క్లీనరుకు కూడా తెలుసు. మొదటిది టీ తాగుతూ చెప్పే కథ. రెండవది బండి దిగి బ్రేకులు చూసుకోమనే హెచ్చరిక.

ఇక మనకు లేని ముక్క. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ లారీ’ అన్న వాక్యాన్ని తెలుగులో చెప్పండి. "డబ్బుంటే లారీ కొంటాను" అనవచ్చు. కానీ డబ్బు వచ్చే ఆశ ఉన్నవాడూ ఆ మాటే అంటాడు. "డబ్బుంటే లారీ కొనేవాణ్ణి" అనవచ్చు. అప్పుడు ఇప్పటి సంగతా, పోయిన ఏడాది సంగతా అన్నది తేలదు. ఇప్పుడే, ఇక్కడే, కానీ ఊహ మాత్రమే అని క్రియలో ముద్ర వేసి చెప్పే ప్రత్యేక రూపం మనకు లేదు. గొంతు, సందర్భం, లోకజ్ఞానం ఆ పని చూసుకుంటాయి. "అత్తకు మీసాలొస్తే మామా అంటారు" అన్న సామెతలో ఉన్నది ఉత్త ‘తే’యే. మీసాలు రావని క్రియ చెప్పడం లేదు, మనకు తెలుసు కనుక సరిపోయింది. "నేనైతే వెళ్తాను" అని మనం రెండు మాటల్లో తేల్చేసేదానికి ఇంగ్లిష్‌వాడు ‘ఇఫ్ ఐ వర్ యూ’ అని ‘వాజ్’ను కూడా పక్కకు తోసి ‘వర్’ తెస్తాడు. అది ఇంగ్లిష్ పాత క్రియారూపాల్లోంచి మిగిలిపోయిన ముక్క.

మా కుర్రవాడు సరిగ్గా ఈ ఖాళీలోనే కాలు జార్చాడు. అదే ప్రశ్నను తెలుగులో "నిన్ను తీసుకోకపోతే ఏం చేస్తావు?" అని అడిగి ఉంటే నవ్వి జవాబు చెప్పేవాడు. ‘తీసుకోకపోతే’లో కాలం లేదు కనుక భయం లేదు. ‘వర్ నాట్ సెలెక్టెడ్’లో కాలం కనబడింది, అది తీర్పులా వినబడింది. మూడు రకాలనూ సమానంగా రుద్దకుండా మనకు లేని ఈ రెండవ రకం మీద పది రోజులు ఎక్కువ గడిపి ఉంటే? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకుంటున్నాను.

"ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే నేర్పాలి, తెలుగు కలిపితే పాడవుతుంది" అనే మిత్రులున్నారు. ఇంట్లో, వీధిలో, టీవీలో ఇంగ్లిష్ వినే పిల్లలకు ఆ పద్ధతి పనికివస్తుందని ఒప్పుకుంటాను. వినికిడే వాళ్ళకు వ్యాకరణం. కానీ రోజుకు ఒక పీరియడు తప్ప ఇంగ్లిష్ చెవిన పడని పిల్లవాడికి అది ఈత రానివాణ్ణి ఏట్లో తోసి నీళ్ళు అలవాటవుతాయని చెప్పడమే.

చరిత్ర కూడా వారికి సాక్ష్యం చెప్పదు. తెల్లదొరలు మన భాష నేర్చుకోవలసి వచ్చినప్పుడు ఏం చేశారు? క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం వ్రాశాడు, ఇంగ్లిష్‌లో. బ్రౌన్ 1840లో వ్రాశాడు, ఇంగ్లిష్‌లోనే. మన క్రియారూపాలను తమ ‘ఇఫ్’తో, తమ ‘వెన్’తో పోల్చి తమవాళ్ళకు బోధపరిచారు. తెలుగును తెలుగులోనే నేర్చుకు తీరాలని వాళ్ళు వ్రతం పట్టలేదు. తెలిసినదాని మీద నిలబడి తెలియనిదాన్ని అందుకోవడం వాళ్ళకు తప్పు కానప్పుడు మన పిల్లలకు ఎందుకు తప్పయింది?

మన రాష్ట్రంలో 2019 నవంబరు 5న జీవో 81 వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టివేసినప్పుడు ఎంత వాదోపవాదం జరిగిందో అందరికీ తెలుసు. ఇంగ్లిష్ మీడియమా, తెలుగు మీడియమా అని రెండు పక్షాలుగా చీలిపోయాం. ఆ తరువాత లెక్కలు, సైన్సు వంటి పుస్తకాలను ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లోనూ అచ్చువేశారు. అది మంచి పనేనని నా అభిప్రాయం. కానీ నాకు విచిత్రంగా తోచే సంగతి ఒకటుంది. త్రిభుజానికీ కిరణజన్య సంయోగక్రియకూ రెండు భాషల పేజీలు పక్కపక్కన కూర్చున్నాయి. భాషా వాచకాలు మాత్రం ఎవరి గదిలో వారే ఉండిపోయాయి. తెలుగు వాచకంలో చేదర్థకం, ఇంగ్లిష్ వాచకంలో ఇఫ్. రెండు భాషలు పక్కపక్కన కూర్చోవలసిన చోటు అన్నిటికన్నా ముందు అదే కదా! మీడియం ఏదైనా కానివ్వండి, రెండు గదుల మధ్య ఒక తలుపు కావాలి. ఆ వాదోపవాదంలో తలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ మాటలన్నీ వ్రాసి ఒక మిత్రుడికి చూపిస్తే ఆయన ఒక్క ప్రశ్నతో నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. "మరి ఆ కుర్రవాడికి తెలుగు మాత్రం సొంత భాషా? నువ్వు ‘ఇఫ్’ను ‘తే’తో చెబుతానంటున్నావు. ‘తే’ను అతనికి దేనితో చెప్పావు?"

నిజమే. మా సాలూరు చుట్టుపక్కల కొండల్లో కువి ఉంది, కొండ భాష ఉంది, సవర ఉంది, గదబ ఉంది. బర్రో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెరిస్తే గదబ మాటల పక్కన సాలూరు మాండలికానికి గుర్తుగా ఒక పొడి అక్షరం కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ అచ్చువేసిన నిఘంటువుకు ఎక్కిన మా ఊరి పేరు మా బడి నల్లబల్ల మీదికి ఎక్కలేదు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడికి ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాయి. ఆగస్టు 29న ఆయన పేరున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ దండలు వేస్తాం. ఆయన సవర పిల్లలకు చేసినది ఆ రోజు ఎందరు తలుచుకుంటారు? ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కువి, కొండ, సవర సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. దారి లేక కాదు, ఆ దారిన నడక లేక అన్నమాట.

కనుక నా వాదాన్ని సవరించుకుంటున్నాను. ‘ఇఫ్’ను తెలుగుతో చెప్పాలన్నది కాదు అసలు సూత్రం. ‘ఇఫ్’ను పిల్లవాడికి ఏ భాషలో షరతు పెట్టడం వచ్చో ఆ భాషతో చెప్పాలి. అది తెలుగైతే తెలుగు, కువి అయితే కువి. పంతులుకు ఆ భాష రాకపోతే పిల్లవాణ్ణి అడగాలి. అడగడానికి జీవో అక్కర లేదు.

ఆ రోజు నేను చేసినదీ అదే, ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా. "నిన్ను తీసుకోకపోతే అన్న మాట మీ ఇంట్లో ఎలా అంటారు?" అని అడిగాను. అతను కొంచెం సిగ్గుపడి చెప్పాడు. కాగితం మీద తెలుగు లిపిలో వ్రాయమన్నాను. దాని కింద తెలుగు వాక్యం, దాని కింద ఆ ఇంగ్లిష్ ప్రశ్న వ్రాసుకున్నాం. మూడింటినీ ముక్కలు చేసి ఏ ముక్క ఎక్కడ కూర్చుందో గీతలు కలిపాం. ‘వర్’ దగ్గరికి వచ్చేసరికి అతనే ఆగాడు. "ఇది అయిపోయింది కాదు మాస్టారూ, అనుకోమంటున్నారు" అన్నాడు. నేను చెప్పవలసిన పాఠాన్ని అతనే చెప్పాడు.

"ఇన్నేళ్ళలో మా మాట ఎలా ఉంటుందని బడిలో ఎవరూ అడగలేదు మాస్టారూ" అని కూడా అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. ఆ ‘ఎవరూ’లో నేనున్నానని మా ఇద్దరికీ తెలుసు.

అతను ఇంకో చోటికి దరఖాస్తు పెట్టాడు. ఇంకా పిలుపు రాలేదు. వస్తే వెళ్తాడు. ఈసారి ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతావని అడిగాను. "ఇఫ్ ఐ వర్ నాట్ సెలెక్టెడ్, ఐ వుడ్ ట్రై అగైన్" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా.

చివరిగా మిత్రులకు ఒక విన్నపం. మా వైపు ‘వచ్చి ఉంటే’ను ‘వచ్చుంటే’ అంటాం. తెలంగాణ మిత్రులు ‘వస్తుంటి’ అనడం విన్నాను. మీ ఇంట్లో, మీ ఊళ్ళో, మీ అమ్మమ్మ నోట జరగని సంగతిని ఎలా చెబుతారో వ్రాయండి. తెలుగు కాని భాష ఇంట్లో ఉన్నవారు తప్పకుండా వ్రాయండి. ఇంగ్లిష్ పాఠం చెప్పే ఏ ఒక్క పంతులైనా దాన్ని చదివి రేపు తరగతిలో "మీ ఇంట్లో ఎలా అంటారు?" అని అడిగితే, ఈ టపా వ్రాసినందుకు నాకు అదే చాలు.